కాంట మీద 42, పుస్తకంల 40: విశ్వాసి ఏం చెయ్యాలె?

మంజీర ఒడ్డు (మెదక్ జిల్లా):

అందరికి వందనాలు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మా ఊరి మహిళా సమాఖ్య సర్కారు తరఫున నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్ల ఈ యాసంగికి పుస్తకం రాసే పని నాకు అప్పజెప్పిన్రు. ఇంకా కాంట మొదలుకాలే. మొదలయ్యేలోపు నేను ఒక నిర్ణయానికి రావాలె, అందుకే అడుగుతున్న.

తెల్వనోళ్ల కోసం చెప్త. రైతు వడ్లు తెచ్చి సెంటర్ల కుప్ప పోస్తడు, ఆరబెడ్తడు. తేమ మిషన్ల 17 శాతం లోపు వచ్చినంక హమాలీలు సంచులు నింపి కాంట మీద పెడ్తరు. వడ్లు 40 కిలోలు, దానిమీద గన్నీ సంచి బరువు అరకిలో పైచిలుకు. లెక్క ఇంతే. కాని లారీ మిల్లుకు పోయినంక "తాలు ఉన్నది, మట్టి ఉన్నది" అని దించుకోరు. లారీ అక్కడ ఆగితే ఇక్కడ కాంట ఆగుతది. ఈ తిప్పలు పడలేక, మిల్లోళ్లు పెట్టే కోతకు సరిపోనీకె చాలా కాడ ముందుగాలనే సంచికి (సంచి బరువు పోను) 42 తూసి, పుస్తకంల 40 రాస్తరు.

మొన్న సమాఖ్య మీటింగ్‌ల మా అధ్యక్షురాలు కూడ అదే అన్నది. ఆమె మంచి మనిషి, ఒక్క రూపాయి ముట్టదు. "చెల్లె, 42 తూద్దాం. లేకుంటే అకాల వాన కొట్టి కుప్పలు మొలకెత్తితే అదే రైతు మన మీదికి వస్తడు" అన్నది. ఆ మాట అబద్ధం కాదు. తడిసిన వడ్లను చేతులతోని ఎత్తిపోసుకునే ఆడోళ్లను మా ఊళ్లె అందరం చూసినోళ్లమే.

అయినా లెక్క చూడుండ్రి. నాలుగెకరాల రైతు పేరు మీద పుస్తకంల వంద క్వింటాళ్లు ఎక్కినయనుకోండి, 250 సంచులు. సంచికి రెండు కిలోలంటే ఐదు క్వింటాళ్లు. ఏ గ్రేడు వడ్లకు 2025-26ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. పన్నెండు వేలకు యాభై అయిదు తక్కువ. అది ఆ ఇంట్ల బిడ్డ కాలేజీ ఫీజు, లేదంటే వానకాలం దుక్కి ఖర్చు. ఎర్ర అంకెలు 42 చూపిస్తుంటే నా చెయ్యి 40 రాయాలె. రైతు భుజం మీద తువ్వాలతోని అక్కడనే నిలబడి ఉంటడు. హమాలీ దబ్బనంతోని సంచి మూతి కుట్టేస్తడు, ఆ రెండు కిలోలు లోపల్నే ఉంటయి.

ఆదివారం అదే రైతు ఇంటామెతోని ఒక్క చాప మీద కూసొని పాటలు పాడ్త. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని సామెతలు 11వ అధ్యాయం సండే స్కూల్ పిల్లలకు కంఠతా పట్టించేది నేనే. మా మెదక్ చర్చి 1914 నుంచి 1924 దాంక కట్టిన్రు. కరువు కాలంల జనానికి పని ఇచ్చి, కూలి ఇచ్చి కట్టిన గుడి అని ప్రతి క్రిస్మస్‌కు చెప్పుకుంటం. అంత గొప్పగ చెప్పుకునేటోళ్లం, మా ఊరి కాంట దగ్గర ఏం చేస్తున్నం?

పని వదులుకోవాల్నా, ఉండి 42 తూసి 40 రాయాల్నా, ఇంకో తొవ్వ ఉన్నదా? ప్రార్థన చెయ్యమని మాత్రం చెప్పకుండ్రి, అది చేస్తనే ఉన్న. కాంట దగ్గర నిలబడి ఏం చెయ్యాలెనో చెప్పుండ్రి.

---

సీయోను బాట (రాజమండ్రి):

సిస్టర్, వందనాలు. నా మాట కఠినంగా ఉంటే మన్నించండి. ఆ పని వదిలేయండి. అబద్ధపు లెక్క రాసే చోట దేవుని బిడ్డ కూర్చోకూడదు. ఇవాళ రెండు కిలోలకు తల ఊపితే రేపు ఇంకొకదానికి ఊపమంటారు. పోషించేవాడు ఆయనే.

---

కౌలు రైతు (సిద్దిపేట):

అక్కా, నేను క్రైస్తవుణ్ని కాదు. ఈ ఫోరంల ఎడ్లు, వడ్లు, వానల సంగతులు చదవనీకె వస్త. నీది నా బాధే కాబట్టి రాస్తున్న.

పని వదిలిపెట్టకు. నువ్వు లేస్తే ఆ కుర్చీల కూసునేటోళ్లకు ఈ రంది ఉండకపోవచ్చు. రైతుకు దానితోని ఏం లాభం?

ఇంకో మాట. మాకు 42 సంగతి తెల్వదనుకోకు, ఊరందరికి తెల్సు. కడుపు మండేది ఏడనంటే, నా కండ్ల ముందర 42 తూసి నా చేతుల పెట్టే చిట్టీల 40 అని రాసుడు. ఆ కాగితం పట్టుకొని నేను ఏ ఆఫీసుకు పోవాలె? "నీ చిట్టీల 40 ఉన్నది గదయ్యా, ఇంకేం పోయింది" అంటరు. కౌలు కట్టేటోనికి ఇంకా కష్టం. భూమి నా పేరు మీద ఉండదు, పైసలు పట్టాదారు ఖాతాల పడ్తయి, నేను నోరు తెరిస్తే ఆయనకు కూడ కోపం వస్తది. ఎంత తూస్తే అంత రాయి. నా రెండు కిలోలు పోయినా సరే, పోయినట్టు కాగితం మీద ఉండాలె.

---

గుండ్లకమ్మ మాస్టారు (ఒంగోలు):

అమ్మా, నీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగిన రిటైర్డ్ టీచరును.

పని మానేయమన్న తమ్ముడి భయం నాకు అర్థమవుతుంది. కానీ లూకా 3వ అధ్యాయం ఒకసారి చూడండి. సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి "బోధకుడా, మేమేమి చేయవలెను" అని అడిగారు. ఆ రోజుల్లో సుంకం వసూలంటే జనాన్ని పిండుకునే పని. ఆయన వాళ్లను ఆ బల్ల దగ్గర్నుంచి లేచిపొమ్మనలేదు. "మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు. నీకు అప్పజెప్పిన పుస్తకంలో నిర్ణయించినది 40. నువ్వడిగిన ప్రశ్నకు ఇంతకంటే దగ్గరగా వచ్చే జవాబు నాకు బైబిల్లో కనిపించలేదు.

మెదక్ చర్చి మాట ఎత్తావు కాబట్టి మా ప్రాంతం సంగతి కూడా చెబుతాను. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఆకలితో వచ్చినవాడు తవ్విన మట్టికి సరిగ్గా కొలత వేసి, సరిగ్గా కూలి ఇవ్వడమే అక్కడి సేవ. ఇంకొకటి గమనించు. సాయం అందుతున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మా వాళ్లందరికీ నోటికి వచ్చు. కాలువ గట్టు మీద మట్టి కొలిచినవాళ్ల సంగతి మాత్రం వేదిక మీద ఎవరూ ఎత్తరు. నాకు వాళ్లంటేనే ఎక్కువ గౌరవం.

ఒంటరిగా మాత్రం నిలబడకు. మీ అధ్యక్షురాలు మంచి మనిషని నువ్వే రాశావు. ముందు ఆమెతో కూర్చో.

---

పాత సెంటర్ ఇన్‌చార్జి (నల్గొండ):

మాస్టారు చెప్పింది నిజం. నేను కాంట దగ్గరి సంగతులే చెప్తా.

మిల్లోళ్లు కోత పెట్టేది తాలు పేరు మీద. మొదలు ఆ సాకు తీసెయ్యాలె. సెంటరుకు ప్యాడీ క్లీనర్ ఇస్తరు, మూలకు పడేయకుండ నడిపించుండ్రి. కరెంటు లేకుంటే కనీసం తూర్పార పట్టించుండ్రి. నాణ్యతకు రాసిపెట్టిన హద్దులున్నయి: తేమ 17 శాతం, ముడుచుకుపోయిన, పాలు పోసుకోని గింజ 3 శాతం, మట్టి రాళ్లు 1 శాతం, గడ్డి గాదం 1 శాతం. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చి చూసి సరే అన్నంకనే కాంట పెట్టుండ్రి. ఆ కుప్పలోంచి పిడికెడు వడ్లు కవర్ల పోసి, రైతు పేరు, తేదీ రాసి దాచిపెట్టుండ్రి. మిల్లు దగ్గర తాలు మాట వస్తే అదే కవరు చూపియ్యొచ్చు.

లారీ నిండినంక ధర్మకాంట (లారీని మొత్తం తూసే కాంట) మీద తూపిచ్చి ఆ చిట్టీని ట్రక్ షీట్‌కు (లారీ వెంట పోయే లెక్క కాగితానికి) పిన్ను కొట్టుండ్రి. మిల్లోళ్లు కోత పెడ్తమంటే, ఎన్ని కిలోలు, ఎందుకు అని ట్రక్ షీట్ మీద వాళ్ల చేతితోనే రాసి సంతకం పెట్టుమనుండ్రి. చాలామంది రాయరు, రాస్తే దొరికిపోతమని తెల్సు. మీరు ముందుగాలనే 42 తూసి పంపితే ఆ సంతకం అవసరమే పడదు, వాళ్ల పని మీరు చేసిపెట్టినట్టైతది.

లారీలు ఆలస్యమైతయి, అది ఖాయం. అందుకని కుప్పల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు ముందే తెప్పిచ్చుకోండి, వడ్లు తెచ్చే వంతుకు ఇచ్చే టోకెన్లు తక్కువ తక్కువ ఇయ్యుండ్రి. సెంటర్ల ఒక్కసారే నూరు కుప్పలు పడితే ఏ నీతి నిలవది, వాన భయానికి రైతే 43కైనా ఒప్పుకుంటడు.

---

మంజీర ఒడ్డు:

అందరికి వందనాలు. సిద్దిపేట అన్నా, నీ మాట మీద నిన్న రాత్రి మస్తు ఆలోచన చేసిన. "పోయినట్టు కాగితం మీద ఉండాలె" అన్నవు చూడు, నా మనసుల ముడి అక్కడ ఇప్పింది. రాజమండ్రి బ్రదర్, మీరు నా మేలు కోరే రాసిన్రు, కోపం లేదు. కాని నేను లేచిపోతే నా చెయ్యి శుభ్రంగ ఉంటది, రైతు సంచి అట్లనే ఉంటది.

పొద్దున మాస్టారు చెప్పినట్టు అధ్యక్షురాలి ఇంటికి పోయిన. చాయ్ పెట్టి అన్నీ విన్నది. "నువ్వు 40 మాత్రమే తూస్తనంటే లారీ ఆగిన రోజు రైతులకు నువ్వే జవాబు చెప్పాలె" అన్నది. చెప్త అన్న. రెండు మాటలకు ఒప్పుకున్నది. ఒకటి, కాంట మీద అంకెను రైతు వినేటట్టు గట్టిగ చదివి, చదివిందే రాసుడు. రెండు, టోకెన్లు వాడవారీగ తక్కువ ఇచ్చుడు. మిల్లు సంతకం సంగతికి మాత్రం "చూద్దాం" అన్నది. ఆమె భయం నాకు తెల్సు. పోయినేడు సెంటర్ కమీషన్ పైసలు రావడమే మస్తు ఆలస్యమైంది, ఇప్పుడు మిల్లుతోని గొడవంటే సమాఖ్య ఆడోళ్లు వెనుకకు పోతరేమో అని.

మా చర్చి ఆడోళ్ల సంఘం స్త్రీల మైత్రిల నలుగురం అనుకున్నం, కాంట నడిచినన్ని దినాలు రోజుకు ఒకరం వచ్చి పుస్తకం పక్కన కూసుంటం. అందుల ఇద్దరు ఆ వడ్లు పండించినోళ్లే.

సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణికి పోయి క్లీనర్ గురించి దరఖాస్తు ఇస్తం, మా సెంటర్ది ఖరాబై ఉన్నది. నల్గొండ అన్నా, కోత గురించి మిల్లోళ్లే రాసి సంతకం పెట్టిన ట్రక్ షీట్ నకలు మీ దగ్గర ఒక్కటన్న ఉంటే, పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టగలరా? అధ్యక్షురాలికి చూపియ్యాలె.