ఎలక్ట్రిక్ రేంజ్ పెట్టిన దగ్గర్నుంచి కరెంటు పడిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

వడ్డేపల్లి వాసి:
పొద్దుటి నుంచి దీంతోనే సరిపోయింది, తల పగిలిపోతోంది. వంటింట్లో ఎలక్ట్రిక్ రేంజ్ పెట్టించాం, పైన నాలుగు పొయ్యిలు, కింద ఓవెన్. ఎలక్ట్రీషియన్ వచ్చి ఏసీ కోసం వేసిన లైన్ దానికిచ్చి పోయాడు. ఆన్ చేయగానే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే కట్ చేసే డబ్బా) పడిపోతోంది. మళ్లీ పిలిస్తే దాన్ని తీసేసి డైరెక్ట్ చేశాడు. ఇప్పుడు పొయ్యిలు బాగానే ఎర్రగా కాలుతున్నాయి కానీ ఓవెన్ లోపలి బల్బు టప్పుమని పేలింది, గడియారం వెలగట్లేదు, ఏదో కాలిన వాసన. రెండు పొయ్యిలు, ఓవెన్ కలిపి వేస్తే కాసేపటికి 20 ఆంప్స్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడే స్విచ్) కూడా పడుతోంది. దాన్ని 32 చేయిస్తే సరిపోతుందా? రేపు చుట్టాలొస్తున్నారు, గ్యాస్ పొయ్యేమో తమ్ముడికిచ్చేశాం.

కాజీపేట వైర్‌మన్:
మెయిన్ ఆపండి ముందు. 32 వద్దు. వెనకాల ఎన్ని వైర్లున్నాయి, ఏ రంగులు?

ఎర్తింగ్ ముఖ్యం:
అసలు ఈ గ్రూపులో ఎంతమంది ఇళ్లకు సరైన ఎర్తింగ్ ఉందో చెప్పమనండి. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్‌కు లక్షలు పెడతారు, ఎర్తింగ్ గుంత దగ్గరకొచ్చేసరికి బేరాలాడతారు. మన హన్మకొండ చుట్టుపక్కల కొంచెం తవ్వితే రాయి తగులుతుంది, మేస్త్రీ అక్కడే ఆపి పైపు పాతేసి ఉప్పు, బొగ్గు పోశానంటాడు. ఏప్రిల్, మే వచ్చేసరికి ఆ మట్టి ఎండిపోతుంది, ఇక దానికి ఎర్తింగ్ అని పేరే తప్ప పని ఉండదు. వారానికోసారి ఆ గుంతలో బిందెడు నీళ్లు పోసే ఇల్లు నేనింతవరకు చూడలేదు. మీటరుతో చూడండి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఏదో తేడా ఉన్నట్టే. వాటర్ పైపుకు ఎర్తు కట్టేవాళ్ల గురించి ఇంకోసారి రాస్తా.

మట్టెవాడ మామ:
అది ఈఎల్‌సీబీ కాదు బాబూ, ఆర్‌సీసీబీ. అందరూ తప్పే అంటారు.

ఎర్తింగ్ ముఖ్యం:
షాపులో ఏ పేరు చెప్పినా అదే డబ్బా ఇస్తాడు.

మట్టెవాడ మామ:
ఇస్తాడు, కానీ రెండూ ఒకటి కాదు. పాత ఈఎల్‌సీబీ ఎర్తు వైరు మీద వోల్టేజీ వస్తే పడేది. ఇప్పటిది ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా చూస్తుంది. 30 మిల్లీఆంప్స్ తేడా వస్తే కట్ చేస్తుంది. మనిషి ప్రాణం కాపాడేది అదే, దాన్నే పీకేశాడు ఆ మహానుభావుడు.

వడ్డేపల్లి వాసి:
పేరు ఏదైతేనేం, మా ఆవిడ స్టీల్ అంచు ముట్టుకుంటే జిల్లుమంటోందట. వైర్లు నాలుగున్నాయి: ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఎరుపు ఫేజుకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు ఇచ్చాడు. తెలుపు ఎందుకో అర్థం కాక నలుపుతో కలిపేశాడు.

కాజీపేట వైర్‌మన్:
ఎక్కడ కొన్నారిది?

వడ్డేపల్లి వాసి:
కొనలేదు. మా బావ వాళ్లు డాలస్ నుంచి వచ్చేస్తూ సామానుతో పాటు కంటైనర్‌లో వేశారు. వెనక 240 వోల్ట్స్ అని రాసుంది, మనది 230 కదా, అందుకే చెప్పలేదు.

కాజీపేట వైర్‌మన్:
మొదట చెప్పాల్సిన మాటే అది. అక్కడ ఇంటికి వచ్చేది 120 వోల్టుల తీగలు రెండు, మధ్యలో న్యూట్రల్. ఆ రెండు తీగల మధ్య 240 ఉంటుంది, పొయ్యిలు దాని మీద నడుస్తాయి. ఓవెన్ బల్బు, ఫ్యాను, చాలా మోడళ్లలో గడియారం, లోపలి కంట్రోల్ బోర్డు కూడా ఒక తీగకూ న్యూట్రల్‌కూ మధ్య 120 మీద నడుస్తాయి. వాళ్ల దగ్గర ఎరుపు, నలుపు రెండూ కరెంటు తీగలే, తెలుపు న్యూట్రల్. మనకు నలుపు న్యూట్రల్ కాబట్టి మీవాడు మన లెక్కన కలిపాడు. 120కి చేసిన బల్బుకు 230 వెళ్తే పేలక ఏమవుతుంది? కాలిన వాసన ఆ కంట్రోల్ బోర్డుదే అయ్యుంటుంది.
ఇంకొకటి, ఈ రేంజ్‌ల వెనక వైర్లు బిగించే చోట న్యూట్రల్‌నూ బాడీనీ కలుపుతూ చిన్న రాగి పట్టీ ఉంటుంది. నాలుగు వైర్ల కనెక్షన్ ఇస్తే దాన్ని తీసేయాలి. తీయకపోతే న్యూట్రల్ కరెంటు కొంత బాడీ మీదుగా ఎర్తులోకి పోతుంది. ఆర్‌సీసీబీ పడటానికి నా అనుమానం దీని మీదే, అది చెడిపోయి కాదు, తన పని తాను చేస్తూనే పడింది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, బాడీ మొత్తం కరెంటే.

హంటర్ రోడ్ కుర్రాడు:
అన్నా, వాళ్లకు త్రీ ఫేజ్ ఉంటే ఎరుపు ఒక ఫేజుకు, నలుపు ఇంకో ఫేజుకు, తెలుపు న్యూట్రల్‌కు ఇస్తే సరిపోదా?

కాజీపేట వైర్‌మన్:
పొరపాటున కూడా వద్దు. మన రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. 240 పొయ్యి మీద అది పడితే దాదాపు రెండు ముప్పావు రెట్లు ఎక్కువ వేడి లాగుతుంది.

హంటర్ రోడ్ కుర్రాడు:
మరి 230ని 110 వోల్టులకు దించే కన్వర్టర్? మా అక్క మిక్సీకి వాడుతోంది.

కాజీపేట వైర్‌మన్:
మిక్సీ వేరు, ఇది వేరు. అన్నీ వేస్తే పది కిలోవాట్ల దాకా లాగే సరుకిది. అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెడతారు, వంటింట్లోనా? పెట్టినా మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్లది 60. అది చూసి నడిచే గడియారమైతే గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.
దాన్ని పక్కన పెట్టేయండి. ఇక్కడి 230కి చేసింది తెచ్చుకోండి. 7 కిలోవాట్ల హాబ్ (ఓవెన్ లేని కరెంటు పొయ్యి) అయితే 30 ఆంప్స్ లాగుతుంది, ఇంటి మెయిన్ బోర్డు నుంచి దానికొక్కదానికే 6 ఎంఎం రాగి వైరు, 32 ఆంప్స్ డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ కట్ చేసే) ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. ఇప్పుడున్న ఏసీ వైరు మీద 32 ఎంసీబీ పెడితే ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. స్విచ్ పొయ్యికి పైన కాదు, చెయ్యి అందేలా పక్కన. బిల్లు మీద మీ లోడ్ ఎంతుందో చూసుకుని, చాలకపోతే అదనపు లోడ్‌కు అప్లై చేయండి. లైసెన్స్ ఉన్నవాడితోనే చేయించండి. ఈలోపు తీసిన ఆర్‌సీసీబీ ఇవాళే మళ్లీ పెట్టించండి.

ఎర్తింగ్ ముఖ్యం:
ఎర్తింగ్ గుంత సంగతి ఎవరూ మాట్లాడట్లేదు.

మట్టెవాడ మామ:
మాట్లాడారుగా, మీరొక్కరే పేజీ నిండా.

వడ్డేపల్లి వాసి:
సరే, మెయిన్ ఆపేశా, వైర్లు తీయించేస్తా. తమ్ముడి దగ్గర్నుంచి గ్యాస్ పొయ్యి తెప్పిస్తున్నా. థాంక్స్. బావకెలా చెప్పాలో చూడాలి.

హంటర్ రోడ్ కుర్రాడు:
అందులోని ట్రేలు అమ్ముతారా అన్నా? మా ఓటీజీలో పడతాయేమో, సైజు చెప్పండి.