దీర్ఘవృత్తం అంటే గుడ్డు ఆకారమేనా?

పాలకొల్లు మేస్త్రి: మా వాడి ఇంటర్ పుస్తకంలో దీర్ఘవృత్తం పాఠం ఉందండి. అది గుడ్డు ఆకారం కాదని లెక్చరర్ చెప్పాడట. కోలగా ఉన్నదాన్ని మా వైపు అందరం గుడ్డు ఆకారమనే అంటాం. ఏది రైటు?

నరసాపురం లెక్కలు: లెక్చరరే రైటు. గుడ్డుకి ఒక కొన లావు, ఒక కొన సన్నం. దీర్ఘవృత్తాన్ని పొడవునా మడిచినా, అడ్డంగా మడిచినా సగాలు సరిపోతాయి. లాటిన్‌లో గుడ్డుని ఓవుం అంటారు, ఓవల్ అందులోంచి వచ్చింది. దీర్ఘవృత్తాన్ని ఇంగ్లీషులో ఎలిప్స్ అంటారు. అది గ్రీకు మాట, అర్థం 'తక్కువ పడటం'. సుమారు 2200 ఏళ్ల కిందట పెర్గా ఊరి గ్రీకు గణితవేత్త అపొలోనియస్ పెట్టిన పేరు. శంకువుని కోస్తే వచ్చే వక్రం మీది బిందువు నుంచి అక్షానికి గీత గీసి, ఆ గీత మీది చతురస్రాన్ని ఒక దీర్ఘచతురస్రంతో పోల్చాడు. తక్కువ పడితే ఎలిప్స్, సరిపోతే పారాబొలా, మించితే హైపర్‌బొలా.

కోనసీమ కాకి: మాట మింగేసి పెట్టే మూడు చుక్కలు ఎలిప్సిస్ కూడా ఈ కుటుంబమే.

అమలాపురం అల్లుడు: వృత్తం కన్నా తక్కువనా? పొడుగ్గా ఉంది కదా, ఎక్కువే అవ్వాలి!

నరసాపురం లెక్కలు: వృత్తంతో పోల్చలేదు బాబూ. మళ్లీ చదవండి.

పాలకొల్లు మేస్త్రి: భీమవరం వైపు ఒకాయన గుడ్డు ఆకారంలో నీళ్లకుండీ కట్టమన్నాడు. రెండు మేకులు కొట్టి, తాడు కట్టి, బిగలాగి చుట్టూ గీశాను. గోడ లేచాక 'ఇదేం గుడ్డు, సన్నకొన ఏదీ' అని ఆఖరి బిల్లు ఎగ్గొట్టాడు.

నరసాపురం లెక్కలు: ఆ తాడుతో వచ్చేది దీర్ఘవృత్తమే. అడిగింది గుడ్డు. ఆయన తప్పేముంది?

పాలకొల్లు మేస్త్రి: ఆయ్, నా కూలీ ఎగ్గొట్టడం తప్పు కాదన్నమాట!

తణుకు తాత: గ్రీకు గోల దేనికి? మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలోనే దీర్ఘవృత్తాన్ని ఆయతవృత్తం అన్నాడు. ఆయన గణితాన్ని మన పావులూరి మల్లన తెలుగు చేశాడు.

నరసాపురం లెక్కలు: నిజమే. కానీ మహావీరాచార్యుడు ఇచ్చిన వైశాల్య సూత్రం తప్పు.

తణుకు తాత: మన వాళ్లంటే చాలు, తప్పే కనిపిస్తుంది.

కోనసీమ కాకి: ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ అంతటివాడు అంగారకుడి కక్ష్యని ముందు గుడ్డు ఆకారమే అనుకున్నాడు. లెక్క కుదరక, చివరికి దీర్ఘవృత్తమని 1609లో అచ్చేశాడు. ఆయనకీ చక్రవర్తి దగ్గర జీతం బకాయిలే.

పాలకొల్లు మేస్త్రి: మాస్టారూ, ఎండలో తాడు పట్టి ఎప్పుడన్నా గీశారా? మాటకి అర్థం పనిచేసేవాళ్లు చెప్పకూడదా? గ్రీకువాడే చెప్పాలా?

నరసాపురం లెక్కలు: లెక్కల్లో నిర్వచనమే చెప్పాలి. పరీక్షలో మీవాడు గుడ్డు అని రాస్తే మార్కులు మీరు వేస్తారా?

పాలకొల్లు మేస్త్రి: వాడు మీరు చెప్పినట్టే రాస్తాడు లెండి. నేను ఇకమీదట గీసి చూపించి, సంతకం పెట్టించుకునే తవ్వుతాను.

అమలాపురం అల్లుడు: మేస్త్రి గారూ, మాకూ కుండీ కావాలి. 10 అడుగుల పొడవు, 6 వెడల్పు. మేకులు ఎక్కడ కొట్టాలి?

పాలకొల్లు మేస్త్రి: 8 అడుగుల ఎడంలో. వాటి మధ్య తాడు 10 అడుగులు, ముడికి విడిగా వదులుకోండి.