వైద్యులకు రోగులు కృతజ్ఞతను ఎలా తెలుపుకొన్నారు?

ప్రశ్న (చరిత్రాసక్తుడు):
వైద్యుడికి రుసుము చెల్లించడం వేరు, ప్రాణం నిలిపినందుకు కృతజ్ఞత తెలుపుకోవడం వేరు. ఈ రెండవదానికి చరిత్రలో మిగిలిన ఆనవాళ్లు ఏమేమి ఉన్నాయో తెలిసినవారు చెప్పగలరు. రాజులిచ్చిన మాన్యాల కంటే, రోగి తనకు చేతనైన రీతిలో ఇచ్చినవాటి మీదే నాకు ఆసక్తి ఎక్కువ.

జవాబు (శాసనప్రియ):
ప్రాచీన గ్రీసులో ఆ కృతజ్ఞత ఎక్కువగా చేరినది వైద్యదేవుడైన అస్క్లీపియస్‌కు. కొరింథ్‌లోని ఆయన ఆలయం తవ్వకాలలో, నయమైనవారు సమర్పించుకొన్న మట్టి చేతులు, కాళ్లు, చెవులు, కళ్లు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. మొక్కు తీర్చుకొంటూ మన గుళ్లలో హుండీలో వేసే వెండి కళ్లను చూసినవారికి ఇందులో వింతేమీ తోచదు. రోమ్‌లో మాత్రం మనిషికే ఆ గౌరవం దక్కిన సందర్భం ఒకటుంది. క్రీ.పూ. 23లో చావు అంచుల దాకా వెళ్లిన అగస్టస్ చక్రవర్తిని చన్నీటి చికిత్సతో బతికించిన ఆంటోనియస్ మూసాకు చందాలు వేసుకొని విగ్రహం ఎత్తించారు, దానిని అస్క్లీపియస్ విగ్రహం పక్కనే నిలిపారు.

జవాబు (వర్ణచిత్ర):
మీరడిగినదానికి సరిగ్గా సరిపోయేది స్పెయిన్ చిత్రకారుడు గోయా 1820లో తన వైద్యుడు అర్రియేతా కోసం వేసిన చిత్రమని నా అభిప్రాయం. అందులో గోయా తల వాల్చేసి, దుప్పటిని రెండు చేతులతో పట్టుకొని ఉంటాడు. వెనుకనుంచి భుజం చుట్టూ చేయి వేసి ఆనించుకొన్న వైద్యుడు మందు గ్లాసును అతని పెదవుల దగ్గరికి తెస్తూ ఉంటాడు. చిత్రం అడుగున, 1819 చివర తన డెబ్బై మూడవ ఏట వచ్చిన ప్రమాదకరమైన జబ్బునుంచి నేర్పుతోనూ శ్రద్ధతోనూ కాపాడినందుకు మిత్రుడికి కృతజ్ఞతతో ఇస్తున్నానని గోయా స్వయంగా రాశాడు. గండం గడిచిన కాథలిక్కులు ఇలాంటి రాతతోనే చిత్రాలు వేయించి చర్చిలో సమర్పించేవారు కనుక, దేవుడికో పునీతుడికో దక్కే చోటును గోయా తెలిసే వైద్యుడికి ఇచ్చాడని నేను అనుకొంటాను. చిత్రం ఇప్పుడు అమెరికాలోని మినియాపొలిస్ మ్యూజియంలో ఉంది.

జవాబు (కోడిపుంజు):
అన్ని చిత్రాలకూ అంత ఆదరణ దొరకలేదు లెండి. చెవి కోసుకొన్న చిత్రకారుడు వాన్ గోకు ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఆసుపత్రిలో చికిత్స చేసిన యువ వైద్యుడు ఫెలిక్స్ రే, 1889 జనవరిలో ఆ రోగి వేసి కానుకగా ఇచ్చిన తన చిత్రాన్ని మెచ్చలేదు. ఆ ఇంట్లో అది కొంతకాలం కోళ్ల గూటి కన్నానికి అడ్డంగా పనికివచ్చింది. నేడది మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ఉంది.

జవాబు (గుంటూరువాసి):
మా ఊరి ఉదాహరణ కూడా చేర్చదగినదే. 1883లో అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ వైద్యసేవలు సాగించి, 1898లో గుంటూరులో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. కాన్పు సమయంలో తన భార్యను ఆమె కాపాడారన్న కృతజ్ఞతతో ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు, రోగుల వెంట వచ్చే బంధువులు ఉండడానికి ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. జమీందారు ఇచ్చినదే అయినా దీనిని మాన్యాల లెక్కలో వేయలేము, ఎందుకంటే దానివల్ల కుగ్లర్‌కు సొంతంగా కలిగిన లాభమేమీ లేదు, ఆసరా దొరికినది ఊరుకాని ఊళ్లో మంచం పక్కన కూర్చొన్నవారికి.