కప్పు సెమీఫైనల్‌కి తూర్పు గ్యాలరీ మూసేశారు. ఇది న్యాయమేనా?

తూర్పు మెట్లు (విజయనగరం), గురువారం రాత్రి

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మన జిల్లా ఫుట్‌బాల్ కప్పు సెమీఫైనల్. ఇవాళ పొద్దున గ్రౌండ్ గేటుకి ఒక కాగితం అంటించారు. "భద్రతా కారణాల వల్ల తూర్పు గ్యాలరీలోకి ఎవరినీ అనుమతించం." అంతే. కింద సంతకం లేదు. ఏ కారణమో లేదు.

మన గ్రౌండ్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పడమర వైపు రేకుల కప్పు ఉంది, కుర్చీలున్నాయి, టికెట్ ఉంది. తూర్పు వైపు ఉత్త సిమెంటు మెట్లు. సాయంత్రం మ్యాచ్ అంటే ఎండ సూటిగా మొహం మీద కొడుతుంది. అందుకే అటు ఫ్రీ. మా నాన్న జూట్ మిల్లులో షిఫ్టు దిగి, తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి అక్కడే కూర్చునేవారు. ఇప్పుడాయనకి 71 ఏళ్లు. ఆదివారం కోసమని నిన్ననే తువ్వాలు ఉతికి ఆరేసుకున్నారు. ఈ కాగితం సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు.

మూయాల్సి వస్తే మూయండి. కానీ ఎందుకో చెప్పాలి, ఆ జనం ఎక్కడ కూర్చోవాలో చెప్పాలి. బయటికి పొమ్మనాల్సి వస్తే ప్రతిసారీ ఎండలో కూర్చునేవాళ్లే గుర్తొస్తారా? మీరేమంటారు?

రిఫరీ విజిల్ (పలాస)

మూయడమే కరెక్ట్ అంటాను. 2025 నవంబర్ 1న మా కాశీబుగ్గ గుడిలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఏకాదశి, ఇసకేస్తే రాలనంత జనం. మెట్ల రెయిలింగ్ ఊడింది, తొక్కిసలాట జరిగింది, తొమ్మిది మంది పోయారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది. అక్కడ ఆ రోజు మ్యాచ్ కూడా లేదు, కప్పు గెలిచిన సంబరం చూడ్డానికి వచ్చినవాళ్లు వాళ్లు.

కాశీబుగ్గలో ముందు రోజే ఎవరైనా ఆ మెట్లు చూసి "ఇటు రావద్దు" అని కాగితం అంటించి ఉంటే మనం వాళ్లనీ ఇలాగే తిట్టేవాళ్లం. తిట్టినా ఫర్వాలేదు, మనుషులు దక్కేవారు. ఒక్క మ్యాచ్ ఇంట్లో ఫోన్లో చూస్తే ఏమీ పోదు అన్నా.

లెఫ్ట్ బ్యాక్ (శ్రీకాకుళం)

మన జిల్లా కప్పు మ్యాచ్ ఫోన్లో ఎవరు చూపిస్తారు తమ్ముడూ? అక్కడికి వెళ్లి చూస్తేనే ఉంది, లేకపోతే లేదు.

నేను స్కూల్ టీమ్‌లో మూడేళ్లు ఆడాను. విజయనగరం మ్యాచ్‌లకి వస్తే మా అమ్మాయిలందరం తూర్పు గ్యాలరీలో ఉత్తరం చివర కూర్చునేవాళ్లం. అది మాకని ఎవరూ రాసివ్వలేదు. ఏళ్ల తరబడి అక్కలు కూర్చున్నారు, తర్వాత మేం కూర్చున్నాం, అక్కడికి అబ్బాయిలు వచ్చేవారు కాదు. ఆ మెట్లు మూసేసి అందరినీ గోల్‌పోస్టు వెనక తాడు దగ్గర నిలబెడితే ఆ తోపులాటలో ఏ అమ్మాయి నిలబడుతుంది? కాగితం రాసినవాళ్లకి ఈ ఆలోచన వచ్చి ఉండదు. ఆదివారం మా చెల్లెలి కూతుర్ని తీసుకెళ్దామనుకున్నాను, ఇప్పుడు భయంగా ఉంది.

రాత్రి మ్యాచ్ (బొబ్బిలి)

ఇంగ్లండ్‌లోనూ కప్పు మ్యాచ్‌లకి గ్యాలరీలు మూస్తారు, అక్కడి అభిమానులూ గొడవ పడతారు. కానీ కారణం వేరు. లీగ్ కప్ మొదటి రౌండ్లకి జనం తక్కువ. చాలా క్లబ్బుల్లో సీజన్ టికెట్‌లో కప్పు మ్యాచ్‌లు కలవవు. టికెట్లు అమ్ముడుపోకపోతే పై అంతస్తు మూసేసి అందరినీ కిందికి సర్దుతారు, కాపలా మనుషుల ఖర్చు తగ్గుతుందని. ఇరవయ్యేళ్లుగా ఒకే సీట్లో కూర్చున్న పెద్దాయన్ని వేరే చోటికి పంపితే ఆయనకి కోపం రాదా? వస్తుంది. అయినా టికెట్ అమ్మకం మొదలయ్యేటప్పుడే ఏ భాగం తెరిచి ఉందో చెప్పేస్తారు. యూరప్‌లో ఇంకో రకం ఉంది. అభిమానులు జాత్యహంకారంతో అరిస్తే ఆ భాగాన్ని తర్వాతి మ్యాచ్‌కి మూసేస్తారు. 2013లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఈ నియమాన్ని గట్టిగా పెట్టింది. అది శిక్ష. మనవాళ్లు ఏం తప్పు చేశారని?

రిఫరీ విజిల్ గారికి ఒక మాట. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కీ. లివర్‌పూల్ జనం లోపలికి రావడానికి ఇచ్చిన దారులు చాలక బయట తోపులాట పెరిగింది. పోలీసులు బయటికి వెళ్లే పెద్ద గేటు ఒకటి తెరిచారు. వచ్చిన జనం ఎదురుగా కనిపించిన సొరంగంలోంచి నేరుగా మధ్య భాగంలోకి వెళ్లారు. అది అప్పటికే నిండిపోయింది. పక్క భాగాల్లో చోటుంది, కానీ ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. ముందు కంచె, వెనక జనం. ఆట మొదలైన ఆరు నిమిషాలకి ఆపేశారు. మొత్తం 97 మంది ప్రాణాలు పోయాయి.

ఆ సొరంగం నోరు మూసి, జనాన్ని పక్కలకి మళ్లిస్తే సరిపోయేది. కాబట్టి మూయడం తప్పని నేననను. సరైన చోట, సరైన వేళకి మూసి, జనానికి వేరే దారి చూపించాలి. అక్కడ తప్పంతా తాగొచ్చిన అభిమానులదే అని పోలీసులు ఏళ్ల తరబడి అన్నారు. వాళ్ల తప్పు లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. చనిపోయినవాళ్ల అమ్మానాన్నలు 27 ఏళ్లు తిరిగారు. ఆ ఒక్క విషయం గుర్తొస్తే, సంతకం లేని కాగితం మీద నాకు నమ్మకం కలగదు.

ఖరగ్‌పూర్ తెలుగు

మాది ఆమదాలవలస దగ్గర. మా పెదనాన్నగారు రైల్వే ఉద్యోగానికి ఖరగ్‌పూర్ వచ్చారు, వెనకే మేం వచ్చాం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఇంట్లో మనిషితో సమానం. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్. గ్యాలరీలో రెండు వైపుల అభిమానులూ కలిసి కూర్చున్నారు, గొడవ లేచింది, మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి 16 మంది పోయారు. ఇప్పటికీ ప్రతి ఆగస్టు 16న వాళ్ల పేరు మీద ఇక్కడ రక్తదానం చేస్తారు. అందుకని రెండు జట్ల వాళ్లని విడగొట్టడానికి మధ్యలో కొంత మూశామంటే నేను ఒప్పుకుంటాను.

ఇంకోటి కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 18న ఇదే రెండు జట్ల డ్యురాండ్ కప్ మ్యాచ్ రద్దు చేశారు, భద్రతకి పోలీసులు చాలరని. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మాయి మీద జరిగిన హత్యాచారం మీద ఊరంతా రోడ్డెక్కిన రోజులవి. ఎప్పుడూ కొట్టుకునే అభిమానులు ఆ సాయంత్రం వానలో సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒకే గొంతుతో నిలబడ్డారు. భద్రత అన్న మాటని జనం ఎప్పుడూ కాదనరు. దాని వెనక ఇంకేదో ఉందనిపిస్తే మాత్రం ఊరుకోరు.

సైట్ ఇంజనీరు (విజయనగరం)

ఆ గ్యాలరీ కింద నుంచి నేను మొన్న నడిచాను. ఒక పిల్లర్ దగ్గర కాంక్రీటు పెచ్చు ఊడి కడ్డీ బయటపడింది. కడ్డీకి తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే పైన సిమెంటుని పగలగొట్టుకుని వస్తుంది. కుర్చీలు బిగించకుండా జనం గుమిగూడే చోట చదరపు మీటరుకి దాదాపు 500 కిలోలు మోసేలా కట్టాలని భవనాల బరువుల లెక్కకి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. ఊరికే కూర్చున్న జనం అంత ఉండరు. కానీ గోల్ పడితే అందరూ ఒకేసారి ఎగురుతారు కదా, అప్పుడు బరువు లెక్క మారిపోతుంది. కాబట్టి మూయడం సబబే. తూర్పు మెట్లు గారూ, మీ నాన్నగారిని ఆదివారం ఆ మెట్ల మీద కూర్చోనివ్వకండి.

అసలు నన్ను భయపెడుతున్నది మూసిన వైపు కాదు, తెరిచిన వైపు. తూర్పు జనం ఇంటికి పోరు. సెమీఫైనల్ కదా, పడమర వైపే తోసుకొస్తారు. అటు ఉన్నది ఒక్క గేటు, నాలుగడుగులు. 1971లో గ్లాస్గో ఐబ్రాక్స్ మైదానం మెట్ల మీద 66 మంది చనిపోయాక, బ్రిటన్‌లో స్టేడియాలకి గ్రీన్ గైడ్ అని భద్రతా సూచనల పుస్తకం ఒకటి తయారుచేశారు. దాని లెక్క ప్రకారం సమంగా ఉన్న దారిలో మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది దాటగలరు. అందరూ ఎనిమిది నిమిషాల్లోపు బయటపడాలి. నాలుగడుగులంటే 1.2 మీటర్లు. నిమిషానికి 98 మంది. ఎనిమిది నిమిషాల్లో 790 మందికి మించి బయటపడలేరు. గేటు మధ్యలో బైక్ ఉంటే అదీ లేదు. అంతకు మించి జనాన్ని అటు ఎక్కిస్తే, తూర్పున తప్పించిన ప్రమాదాన్ని పడమరకి మోసుకెళ్లినట్టే.

ఉత్తరం వైపు పాత గేటు ఒకటుంది, గొలుసు వేసి ఉంటుంది. దాన్ని తెరిచి అక్కడో మనిషిని పెట్టాలి. తాళం వేసి వెళ్లిపోతే లాభం లేదు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క గ్యాలరీ అంటుకున్నప్పుడు వెనక దారుల్లో చాలా వాటికి తాళాలున్నాయి. 56 మంది చనిపోయారు.

రిఫరీ విజిల్ (పలాస)

గేటు సంగతి నాకు తట్టలేదు సార్. మూస్తే చాలనుకున్నాను. నా మాట సగమే నిజం. ఫోన్లో చూడమన్నందుకు అక్కగారు మన్నించాలి.

లెఫ్ట్ బ్యాక్ (శ్రీకాకుళం)

అయ్యో, దానికేముంది తమ్ముడూ. ఇంజనీరు గారూ, ఆ ఉత్తరం గేటు తెరిపిస్తే లోపల తాడు కట్టి కొంత చోటు ఆడవాళ్లకి విడిగా ఉంచమని కూడా అడగండి. నలభై మంది కూర్చునేంత ఉన్నా చాలు.

తూర్పు మెట్లు (విజయనగరం), శుక్రవారం రాత్రి

ఇవాళ సాయంత్రం నిర్వాహకుల్ని కలిశాను. ఇంజనీరు గారి లెక్క కాగితం మీద రాసి చూపించాను. పిల్లర్ చూసే మూశామన్నారు. ఆ మాట నోటీసులో ఎందుకు రాయలేదంటే, జనం బెదిరిపోతారనుకున్నామన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లర్ సంగతి తెలిస్తే మా నాన్నే పది మందిని వెనక్కి పంపుతారు. రేపు పేరుతో, కారణంతో కొత్త నోటీసు పెడతామన్నారు. పడమర వైపు ఎంతమందిని పంపాలో లెక్క పెట్టుకుంటామన్నారు. ఆడవాళ్ల చోటుకి సరేనన్నారు. ఉత్తరం గేటు తాళం చెవి ఎవరి దగ్గరుందో మాత్రం తెలియలేదు.

నాన్నకి విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లర్ పక్కనే కదరా నేను కూర్చునేది" అన్నారు.

రేపు పొద్దున ఆరున్నరకి గ్రౌండ్ దగ్గర ఉంటాను. ఇంజనీరు గారూ, టేపు పట్టుకుని రండి. గొలుసు ఊడినా ఊడకపోయినా గేటు వెడల్పు కొలిచి వాళ్ల చేతికిద్దాం.

సైట్ ఇంజనీరు (విజయనగరం)

వస్తాను. కొలవడానికి రెండో చివర పట్టుకునేవాళ్లు ఇంకొకరు కావాలి.

రిఫరీ విజిల్ (పలాస)

పొద్దున్నే ప్యాసింజర్ దొరక్కపోతే బస్సులో వస్తాను. నేను పట్టుకుంటాను.