పీటర్‌మారిట్జ్‌బర్గ్, 1990: ఇల్లు కాలిపోయినా బాధితుల జాబితాలో పేరు ఎందుకు లేదు?

ప్రశ్న – శారద

గాంధీగారిని రైలు పెట్టెలోంచి దింపేసిన ఊరుగా మనకు తెలిసిన దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో మేము రెండేళ్లుగా ఉంటున్నాము. మా ఇంట్లో పనికి సాయం వచ్చే పెద్దావిడను అందరూ ‘గోగో’ అని పిలుస్తారు. జులూ భాషలో అవ్వ అని అర్థం. 1990 మార్చి చివరి వారంలో ఎడెండేల్ లోయలో ఆవిడ ఇల్లు తగలబెట్టారట. కుట్టుమిషను తలభాగాన్ని ఒక్కటీ తోపుడు బండిలో వేసుకుని, పిల్లలతో చర్చికి పరుగెత్తానని, బల్లా కాళ్లూ అక్కడే కాలిపోయాయని చెప్పారు. ఆ వారమే ఆవిడ మరిది చనిపోయాడు. అయినా ప్రభుత్వ పరిహారం రాలేదు, ‘జాబితాలో నీ పేరు లేదు’ అన్నారట. ఆవిడ ఏ పార్టీ మనిషీ కాదు. అసలు ఆ వారం ఏం జరిగింది? బాధితులెవరో ఎలా తేల్చారు?

జవాబు – పాతపత్రికలు

శారదగారూ, ఆవిడ చెప్పిన ఘటనను అక్కడివారు ‘ఏడు రోజుల యుద్ధం’ అంటారు. 1990 ఫిబ్రవరి 11న మండేలా జైలు నుంచి విడుదలయ్యాడు. సరిగ్గా రెండు వారాలకు డర్బన్‌లో సభ పెట్టి, తుపాకులు, కత్తులు సముద్రంలో పారేయమని తన వాళ్లనే కోరాడు. అక్కడికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఈ లోయలో నెల తిరిగేసరికి వందకు పైగా శవాలు లేచాయి. ఎగువన వులిండ్లేలా గ్రామాలు ఎక్కువగా జులూల పార్టీ అయిన ఇంకాథాకు విధేయులైన తెగ పెద్దల చేతుల్లో ఉండేవి, దిగువన ఎడెండేల్ వైపు మండేలా పార్టీ ఏఎన్‌సీకి అనుబంధంగా పనిచేసే యూడీఎఫ్ అనే ప్రజాసంఘాల కూటమి బలం ఉండేది. మార్చి 25న డర్బన్‌లో ఇంకాథా సభ నుంచి తిరిగి వస్తున్న బస్సుల మీద రాళ్లు పడ్డాయి. తరువాతి రోజుల్లో ఎగువ నుంచి వేలమంది ఆయుధాలతో దిగారు. దాదాపు మూడు వేల ఇళ్లు ధ్వంసమయ్యాయి, వేలాది కుటుంబాలు చర్చిలలో, బంధువుల ఇళ్లలో తలదాచుకున్నాయి. పోలీసులు చూస్తూ నిలబడ్డారని, కొన్నిచోట్ల దాడి చేసినవారికి తోడ్పడ్డారని బతికి బయటపడినవారు చెప్పారు.

ఇక జాబితా సంగతి. 1995 చట్టం ప్రకారం ఏర్పడిన సత్య నిర్ధారణ, సయోధ్య కమిషన్ హత్య, అపహరణ, చిత్రహింస, తీవ్రమైన దుర్వ్యవహారం అనే నాలుగింటిని లెక్కలోకి తీసుకుంది. మనిషి మళ్లీ ఉండలేనంతగా ఇల్లు తగలబెట్టడాన్ని నాలుగోదాని కింద చేర్చింది కాబట్టి, మీ గోగో నష్టం చట్టం పరిధికి బయటిది కాదు. అడ్డంకి వాంగ్మూలం దగ్గర వచ్చింది: 1997 డిసెంబరులోగా తామో, బంధువులో వాంగ్మూలం ఇచ్చినవారినే ప్రధానంగా బాధితులుగా లెక్కించారు. సుమారు 21,000 మంది చెప్పుకున్నారు. అయితే 1990 జూలై నుంచి 1994 ఎన్నికల దాకా జరిగిన రాజకీయ హింసలోనే దాదాపు 14,000 మంది చనిపోయారంటే, ఒక్కో చావు వెనుక ఎన్ని ఇళ్లు ఉంటాయో ఊహించండి. పైగా కమిషన్ ఏఎన్‌సీ పక్షం వహిస్తోందని ఇంకాథా నాయకత్వం దూరంగా ఉండిపోవడంతో, వారి పట్టున్న గ్రామాల్లో వాంగ్మూలం ఇవ్వడం పార్టీని ధిక్కరించినట్టయింది. ఆవిడ అప్పుడు ఎక్కడ ఉన్నారో కనుక్కోండి.

జవాబు – రవికిరణ్

నా అభిప్రాయం కాస్త కటువుగా ఉండవచ్చు. రెండు పార్టీలవాళ్లూ చంపుకున్నారు, ఇద్దరూ ఎక్కువగా జులూలే. ఇరుగుపొరుగు కక్షలకు దేశం ఎంతకాలం డబ్బు కట్టాలి?

జవాబు – పాతపత్రికలు

రవికిరణ్‌గారూ, ఇద్దరూ చంపారన్నది నిజమే, ఏఎన్‌సీ వైపు జరిగిన హత్యలనూ కమిషన్ తప్పుపట్టింది. కానీ ‘ఇరుగుపొరుగు కక్ష’ అన్న మాట ఆనాటి తెల్లవారి ప్రభుత్వానికి చాలా సౌకర్యంగా ఉండేది. 1986లో సుమారు రెండు వందలమంది ఇంకాథా యువకులకు నమీబియాలోని కాప్రివి ప్రాంతంలో రహస్యంగా సైనిక శిక్షణ ఇచ్చింది ఆ ప్రభుత్వ సైన్యమే. ఇదే జిల్లాలోని ట్రస్ట్‌ ఫీడ్ చూడండి. 1988 డిసెంబరు 3 తెల్లవారుజామున ఒక ఇంట్లో శవజాగరణకు కూర్చున్నవారిలో 11 మందిని కాల్చి చంపారు, వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. ఆ దాడి నడిపించింది బ్రయాన్ మిచెల్ అనే పోలీసు అధికారి. యూడీఎఫ్ వాళ్ల ఇల్లనుకుని ఇంకాథా వాళ్ల ఇంటి మీదికి పంపాడు! 1992లో అతనికి పదకొండు మరణశిక్షలు పడ్డాయి, తరువాత అవి 30 ఏళ్ల జైలుగా మారాయి, 1996లో కమిషన్ క్షమాభిక్షతో బయటికి వచ్చాడు. క్షమాభిక్ష దొరికినవాడి మీద బాధితులు నష్టపరిహారం దావా కూడా వేయలేరు. అది చెల్లుతుందని 1996లోనే రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. దావా హక్కు తీసేసుకున్నాక పరిహారం బాధ్యత ప్రభుత్వానిది కాకపోతే ఇంకెవరిది?

కమిషన్ సిఫారసు చేసింది ఏటా సుమారు 17,000 నుంచి 23,000 రాండ్ల చొప్పున ఆరేళ్లు. 2003లో ప్రభుత్వం ప్రకటించింది ఒక్కసారికి 30,000 రాండ్లు, అదీ జాబితాలో ఉన్నవారికే.

జవాబు – లక్ష్మీనారాయణ

శారదగారూ, జాబితా మళ్లీ తెరవాలని ‘ఖులుమాని’ అనే బాధితుల సంఘం ఏళ్ల తరబడి పోరాడుతోంది. ఆ మాటకు జులూలో ‘నోరు విప్పండి’ అని అర్థం. డబ్బు వస్తుందని ఆశ పెట్టకుండా, వివరాలు మాత్రం వారికి చెప్పించండి. మరిది పేరు విడిగా వెతకండి, ఎవరైనా బంధువు వాంగ్మూలం ఇచ్చి ఉండవచ్చు. కమిషన్ నివేదిక ఏడో సంపుటం మొత్తం బాధితుల పేర్లే, అక్షరక్రమంలో, ఒక్కొక్కరికి రెండు మూడు వాక్యాలతో ఉంటుంది.

శారద

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం అడిగాను. ఇల్లు పోయాక అక్క ఇంట్లో, ఎగువ గ్రామంలో, ఎనిమిదేళ్లు ఉన్నారట. వాంగ్మూలం సంగతి రేడియోలో విన్నారు కానీ, ‘నువ్వు వెళితే మా ఇల్లూ కాలుతుంది’ అని అక్క చేతులు పట్టుకుందట. పరిహారం గురించి చెబుతుంటే గోగో పెద్దగా పట్టించుకోలేదు, పేర్ల సంపుటం మాట వినగానే మాత్రం చేతిలో గుడ్డ పక్కన పెట్టి మరిది పేరు ఒక్కో అక్షరం చెప్పి రాయించారు. ఆ ఇంటిపేరుతో చాలామందే ఉన్నారు. ఆదివారం ఇద్దరం కూర్చుని చూస్తాము.