పక్కింట్లో క్రిస్మస్ సినిమాకి పిలిచారు, వెళ్ళనా?

అందరికీ నమస్కారం. అమెరికాలో కాన్సస్ సిటీ పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్ వచ్చి రెండు నెలలైంది. పక్కింటి పెద్దావిడ శనివారం రాత్రి హాల్‌మార్క్ టీవీ చానెల్లో వచ్చే క్రిస్మస్ సినిమా చూద్దాం రమ్మన్నారు. మా ఆయనకి ఆన్‌కాల్, ఒక్కదాన్నే వెళ్ళాలి. ఏం తీసుకెళ్ళాలో, ఏం మాట్లాడాలో తెలీడం లేదు. కాస్త చెప్పరూ.

*

తప్పకుండా వెళ్ళు చెల్లెమ్మా. నేనొచ్చి పదకొండేళ్ళు. మొదటి మూడు శీతాకాలాలూ ఇలాంటి పిలుపులకి "ఇంకోసారి వస్తాలెండి" అని తలుపేసుకు కూర్చున్నాను. ఆ మూడేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

హాల్‌మార్క్ ఈ ఊరి గ్రీటింగ్ కార్డుల కంపెనీయే. 1910లో కాన్సస్ సిటీలోనే మొదలైంది, పోస్టుకార్డులమ్ముతూ. అందుకే ఇక్కడివాళ్ళకి ఆ సినిమాలంటే సొంతింటి సంగతి. అక్టోబర్‌లోనే చానెల్ వాళ్ళు అవి వెయ్యడం మొదలుపెట్టేస్తారు. 2019లో వాళ్ళ రెండు చానెళ్ళలో కలిపి 40 కొత్తవి వేశారు.

కథ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయి చిన్న ఊరికొస్తుంది, మూతపడబోయే బేకరీ ఒకటుంటుంది, ఓ మంచి అబ్బాయి, చివర్లో ముద్దు. తెలిసిన కథేగా అని తేలిగ్గా తీసెయ్యకు. సీతాకళ్యాణం హరికథకి కూర్చున్నవాళ్ళకి విల్లు ఎవరు విరుస్తారో తెలీకనా? చాలావరకు కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో, చాలాసార్లు ఎండాకాలంలోనే తీస్తారు, రెండు మూడు వారాల్లో. అప్పుడు ఆ మంచు ఉత్తుత్తిదే. ఉన్ని కోట్లలో చెమటలు కక్కుతూ చలికి వణికినట్టు నటిస్తారని తెలిశాక నాకు ఆ నటులంటే గౌరవం పెరిగింది.

మాటలన్నీ ప్రకటనలప్పుడే. సినిమా నడుస్తుంటే ఊరికే చూడు. కోకోలో వేసే మార్ష్‌మాలోలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, శాకాహారివైతే వద్దని చెప్పు, ఏమీ అనుకోరు. జంతికలు పట్టుకెళ్ళు, కారం తగ్గించి. నువ్వులు వేస్తే పడతాయో లేదో ముందే అడుగు.

జంతికలని ఎందుకన్నానంటే, నాలుగో ఏడు నేను వెళ్ళినప్పుడు మా పక్కింటావిడ ప్రకటనల మధ్యలో లేచి, వంటింట్లోంచి ఓ అల్యూమినియం గొట్టం తెచ్చి చూపించారు. కింద పువ్వు చిల్లుల బిళ్ళ, పైన తిప్పే మర. అచ్చం మా అమ్మ జంతికల గొట్టమే! వాళ్ళమ్మగారిదట, క్రిస్మస్‌కి బిస్కెట్లు నొక్కుతారట. మంచులో పరుగున ఇంటికొచ్చి నాది పట్టుకెళ్ళాను. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టి, బిళ్ళలు మార్చి చూశాం. ఆవిడ బిళ్ళ నా గొట్టంలో వదులైంది. సినిమాలో ముద్దు ఎప్పుడైపోయిందో ఇద్దరం చూళ్ళేదు.

*

అక్కా, గొట్టం తెచ్చుకున్నాను గానీ ఇంకా పెట్టెలోనే ఉంది. ఎప్పుడూ అమ్మే పిండి కలిపేది, నాకు పాళ్ళు తెలీవు.

*

మూడు గ్లాసుల బియ్యప్పిండికి ఒకటి శనగపిండి, వేడి నూనె రెండు గరిటెలు. శుక్రవారం ఆరింటికి నేనే వస్తాను, బియ్యప్పిండి తెస్తాను. గొట్టం కడిగి ఆరబెట్టి ఉంచు.