చిన్న కళాశాలల ఆటగాళ్ల కోసం స్కౌట్లు ఇంకా ఊళ్లు తిరగాలా?

ఉదయం అయిదున్నర (హైదరాబాద్):
అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రాత్రి అమెరికా తూర్పు తీరంలో ఎనిమిది గంటలకు మొదలైతే ఇక్కడ మరునాడు ఉదయం అయిదున్నర. కొన్నేళ్లుగా ఆ వేళకు లేచి చూస్తున్నాను. 2025లో అందరికంటే ముందు పిలిచిన పేరు కామ్ వార్డ్. ఉన్నత పాఠశాల ముగిసేనాటికి ఆ క్వార్టర్‌బ్యాక్‌కు (బంతి విసిరి దాడి నడిపేవాడు) ఉపకారవేతనం ఇస్తామన్నది ఒకే ఒక్క కళాశాల, శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్. అక్కడ రెండు సీజన్లు ఆడి వాషింగ్టన్ స్టేట్‌కు, అక్కడి నుంచి మయామీకి మారాడు. డ్రాఫ్ట్ నాటికి అతణ్ణి ఎరగనివారు లేరు.

దాంతో నాకు ఒక సందేహం పట్టుకుంది. కళాశాల మారదలచిన ఆటగాళ్ల పేర్లు నమోదయ్యే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబరులో వచ్చింది. 2021లో, మారినవారు ఏడాది ఆట మానుకుని కూర్చోవాలన్న నిబంధన పోయింది. అదే ఏడు ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా దక్కింది. చిన్న చోట మెరిసిన ప్రతివాడూ పెద్ద చోటికి వెళ్లిపోతున్నప్పుడు, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు చిన్న కళాశాలల చుట్టూ కార్లేసుకుని తిరగడంలో ఇంకా అర్థం ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఫ్రిస్కో నుంచి:
నా దృష్టిలో ఆ తిరుగుడుకు కాలం చెల్లింది. జట్లు దీన్ని ఎంత త్వరగా ఒప్పుకుంటే అంత మంచిది.

జారెడ్ వెర్స్‌ను చూడండి. ఆల్బనీ అనే చిన్న కళాశాలలో ఆడాడు. ఫ్లోరిడా స్టేట్ వాళ్లు పోర్టల్‌లో చూసి తెచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత 2024లో రామ్స్ జట్టు 19వ ఎంపికగా తీసుకుంది, ఆ ఏడాది రక్షణ విభాగంలో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అతనిదే. ఇక్కడ జల్లెడ పట్టింది ఫ్లోరిడా స్టేట్. పెద్ద విశ్వవిద్యాలయాలు సొంత డబ్బుతో, సొంత మనుషులతో చిన్న కళాశాలలన్నింటినీ గాలిస్తున్నాయి. గాలించి తెచ్చినవాణ్ణి గట్టి ప్రత్యర్థుల మీద నిలబెట్టి పరీక్షిస్తున్నాయి కూడా. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టుకు ఇంతకంటే ఏం కావాలి?

రెండో మాట కొంచెం కఠినంగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఈ రోజు నాలుగేళ్లూ చిన్న కళాశాలలోనే ఉండిపోయిన కుర్రవాణ్ణి ఉన్నత పాఠశాల ముగిసినప్పుడు ఒకసారి, పోర్టల్ కాలంలో మరోసారి, పెద్ద కళాశాలలు రెండుసార్లు వద్దనుకున్నాయి. అందరూ రెండుసార్లు పొరబడి ఉంటారని నమ్మి ఒక మనిషిని ఏడాదికి నెలల తరబడి రోడ్డు మీద ఉంచడం నాకు సమంజసంగా కనిపించదు.

పిట్స్‌బర్గ్ వాసి:
ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరుడి గుడి, ఆదివారం మా ఊరి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు స్టీలర్స్ ఆట, ఈ రెండూ మా ఇంట్లో తప్పవు. కాబట్టి బిల్ నన్ గురించి నేను చెప్పకపోతే తప్పవుతుంది.

నన్ వృత్తిరీత్యా పాత్రికేయుడు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతివారి పత్రికలో పనిచేస్తూ నల్లజాతి కళాశాలల ఉత్తమ జట్టును ఏటా ఎంపిక చేసి ప్రకటించేవారు. ఆ కళాశాలల్లో ఆయనకు తెలియని కోచ్ లేడు. స్టీలర్స్ ఆయన్ను 1960ల చివర్లో స్కౌట్‌గా తీసుకున్నారు. 1974 డ్రాఫ్ట్‌కు ముందు అలబామా ఏ అండ్ ఎం కళాశాలలో జాన్ స్టాల్‌వర్త్ అనే రిసీవర్‌ను (విసిరిన బంతి పట్టేవాణ్ణి) చూడటానికి పలు జట్ల స్కౌట్లు కలిసి వెళ్లారు. వాన పడి నేల తడిగా ఉంది. నలభై గజాల పరుగులో అతనికి వచ్చిన సమయం చూసి అందరూ పెదవి విరిచి తర్వాతి ఊరికి బయలుదేరారు. నన్ మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి ఆగిపోయారు. ఆరిన నేల మీద స్టాల్‌వర్త్‌ను మళ్లీ పరుగెత్తించారు. ఈసారి వచ్చిన సమయం వేరు. నాలుగో రౌండులో 82వ ఎంపికగా అతను స్టీలర్స్‌కు వచ్చాడు, లీగ్ తుది పోరైన సూపర్ బౌల్‌లో నాలుగు విజయాల్లో భాగమయ్యాడు, 2002లో మేటి ఆటగాళ్ల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. అదే ఏడాది సౌత్ కరోలినా స్టేట్ నుంచి డానీ షెల్ అనే కుర్రవాణ్ణి డ్రాఫ్ట్‌లో ఎవరూ అడగలేదు. అతణ్ణీ స్టీలర్సే తీసుకున్నారు, అతనూ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనే ఉన్నాడు. నన్‌కు కూడా 2021లో, చనిపోయిన ఏడేళ్లకు, అక్కడ చోటు దక్కింది.

ఫ్రిస్కో గారూ, మీ జల్లెడ కూడా ఆ తడి నేల మీద తీసిన సమయం లాంటిదే. అందరూ ఒకే రోజు, ఒకే నేల మీద, ఒకే సంఖ్య రాసుకుని వెళ్లిపోతారు. మరునాడు ఉదయం ఆ ఊళ్లో ఉన్నవాడికే తేడా తెలుస్తుంది.

ఫ్రిస్కో నుంచి:
నన్ గారి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఆయన కాలాన్ని ఈ కాలానికి తెచ్చి అతికించలేం. అప్పుడు దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసి ఉంచాయి, కొన్ని అప్పుడప్పుడే తెరుస్తున్నాయి. మొదటి వరుస ప్రతిభ అంతా జాక్సన్ స్టేట్, గ్రాంబ్లింగ్ లాంటి నల్లజాతి కళాశాలల్లో ఉండేది. వాల్టర్ పేటన్ జాక్సన్ స్టేట్ నుంచే వచ్చాడు, 1975లో నాలుగో ఎంపిక. అది దాగిన ప్రతిభ కాదు, వివక్ష వల్ల మిగతా జట్లు చూడ నిరాకరించిన ప్రతిభ. ఇప్పుడు ఆ పిల్లలు నేరుగా అలబామాకు, జార్జియాకు వెళుతున్నారు. 2021 డ్రాఫ్ట్‌లో నల్లజాతి కళాశాలల నుంచి ఒక్కరూ ఎంపిక కాలేదు. 2024లోనూ అంతే.

పిట్స్‌బర్గ్ వాసి:
2021 లెక్క చెప్పారు కాబట్టి దాని వెనుక సంగతి కూడా చెప్పాలి. కొవిడ్ వల్ల 2020 శరదృతువులో ఆ కళాశాలలు ఆడనే లేదు. స్కౌట్లు అక్కడికి వెళ్లే వీలూ లేకపోయింది. చూసేవాడు వెళ్లని ఏడాది ఒక్కరినీ తీసుకోలేదు. మళ్లీ వెళ్లిన ఏడాది, 2022లో, నలుగురిని తీసుకున్నారు. 2024లో సున్నా అన్నది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు, అది నన్ను బాధపెడుతుంది.

మూడో డివిజన్ తండ్రి:
మా అబ్బాయి ఒక చిన్న కళాశాలలో ఎడమ గార్డ్‌గా (ముందు వరుసలో ప్రత్యర్థులను అడ్డుకునేవాడిగా) ఆడుతున్నాడు. మూడో డివిజన్, అంటే ఆట పేరుతో ఒక్క డాలరు ఉపకారవేతనం కూడా ఉండదు. ఫీజు మేమే కడుతున్నాం. వాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లే ఆటగాడు కాడని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. కానీ వాడి పక్కన ఆడిన సీనియర్ కోసం ఒక స్కౌట్ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

మంగళవారం. ఉదయం కోచ్‌ల గదిలో కూర్చుని వీడియోలు చూశాడట. తర్వాత హెల్మెట్లు, బూట్లు సర్దే ముసలాయన దగ్గర అరగంట నిలబడి మాట్లాడాడు. ఆ కుర్రవాడితో మాట్లాడింది అయిదు నిమిషాలే. మధ్యాహ్నం ప్రాక్టీస్‌లో గీత పక్కన నిలబడి రెండు గంటలు చూశాడు. నేను గమనించింది ఏమిటంటే, ఆయన బంతిని ఒక్కసారీ చూడలేదు. బంతి ఎటు వెళ్లినా ఆయన చూపు ఆ కుర్రవాడి పాదాల మీదే ఉంది. ఆట ఆగాక కూడా అతణ్ణే చూస్తున్నాడు: కిందపడితే ఎంతసేపట్లో లేస్తున్నాడు, తప్పు చేస్తే ఎవరి వైపు తిరుగుతున్నాడు, నీళ్లు తాగడానికి వెళ్లేటప్పుడు ఎలా నడుస్తున్నాడు.

ఆ సీనియర్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. కొత్తవారి శిబిరానికి మూడు రోజుల పరీక్షకు పిలిచారు, తర్వాత ఇంటికి పంపారు. ఇప్పుడు లెక్కలు చెబుతున్నాడు, మంచి ఉపాధ్యాయుడని పేరు. ఇది ఎవరి వాదానికి బలమో నాకు తెలియదు. ఆ స్కౌట్ ఆ రోజు చూసినవేవీ కోచ్‌ల గదిలో వేసిన వీడియోలో ఉండవని మాత్రం చెప్పగలను. మా మైదానంలో ఉన్నది ఒకే కెమెరా. ఆట ఆగగానే దాన్నీ ఆపేస్తారు.

లెక్కల మనిషి (సియాటెల్):
వెళ్లి చూస్తే తెలుస్తుందన్న నమ్మకాన్ని నేను ప్రశ్నిస్తాను. క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ను అందరూ వెళ్లి చూశారు. నార్త్ డకోటా స్టేట్‌లో 2019లో 28 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చే) పాస్‌లు వేశాడు, ఒక్క బంతీ ప్రత్యర్థి చేతికి చిక్కలేదు. 2020లో ఆడింది ఒకే ఆట. 2021లో ఫోర్టీనైనర్స్ జట్టువారు తమ మూడేళ్ల మొదటి రౌండు ఎంపికలు, మరో మూడో రౌండు ఎంపిక ఇచ్చి మూడో స్థానానికి ఎక్కి మరీ తీసుకున్నారు. ఆ జట్టులో అతను మొదటి నుంచి ఆడింది నాలుగు ఆటలు. 2023 ఆగస్టులో నాలుగో రౌండు ఎంపికకు డాలస్‌కు ఇచ్చేశారు. అతని స్థానాన్ని దక్కించుకున్న బ్రాక్ పర్డీ 2022లో 262వ, అంటే చిట్టచివరి ఎంపిక. పర్డీ వచ్చింది అయోవా స్టేట్ అనే పెద్ద కళాశాల నుంచి. నాలుగేళ్లు గట్టి జట్ల మీద ఆడిన ఆధారం అతనికి ఉంది.

చిన్న కళాశాలల దగ్గర అసలు చిక్కు ప్రత్యర్థి బలం. ఎదుటివాడు బలహీనుడైతే మన కన్ను కూడా మోసపోతుంది. మీ స్కౌట్ రెండు గంటలు పాదాలు చూడవచ్చు, కానీ ఆ పాదాలకు ఎదురు నిలిచినవాడు ఎవరు?

పిట్స్‌బర్గ్ వాసి:
మీ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు క్విన్ మైనెర్జ్ అనే గార్డ్. విస్కాన్సిన్-వైట్‌వాటర్, మూడో డివిజన్. 2020లో వాళ్ల సీజన్ రద్దయింది. వీడియో పరంగా చూస్తే చివరి ఏడాది ఖాళీ. కెనడా అడవుల్లో ఒక చేపల వేట శిబిరంలో చెట్లను తోస్తూ సాధన చేశాడు. 2021 జనవరిలో అలబామాలోని మొబైల్ పట్టణానికి, కళాశాల చివరి ఏడాది ఆటగాళ్ల ప్రదర్శన పోటీ అయిన సీనియర్ బౌల్‌కు పిలిచారు. అక్కడ వారమంతా పెద్ద కళాశాలల రక్షకులతో ఒకరికి ఒకరుగా తలపడ్డాడు, అలవాటు లేని సెంటర్ స్థానంలో కూడా. మీరడిగిన ప్రత్యర్థులు అక్కడ దొరికారు. డెన్వర్ మూడో రౌండులో 98వ ఎంపికగా తీసుకుంది. 2024లో లీగ్ మొత్తం మీద మొదటి ఉత్తమ జట్టులో నిలిచాడు.

పోర్టల్ గురించి ఇంకో మాట. పెద్ద కళాశాల కోచ్ వెతికేది వచ్చే సెప్టెంబరులో ఆడగలిగేవాణ్ణి. అప్పటికి గెలవకపోతే అతని ఉద్యోగమే ఉండదు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు మూడేళ్ల తర్వాత పనికొచ్చేవాణ్ణి కూడా వెతుకుతుంది. ఆలస్యంగా ఒళ్లు చేసినవాడు, స్థానం మారినవాడు, గాయంతో ఏడాది పోయినవాడు, చదువు పూర్తిచేసి వెళతానని ఉండిపోయినవాడు ఆ కోచ్‌కు అక్కర్లేదు. రెండు జల్లెడల కన్నాలు ఒకటి కావు.

ఉదయం అయిదున్నర (హైదరాబాద్):
ఇది చదువుతుంటే బుమ్రా గుర్తొస్తున్నాడు. 2013లో అహ్మదాబాద్‌లో ఒక దేశవాళీ టీ20 ఆట చూస్తూ జాన్ రైట్ అతణ్ణి గుర్తించారు, ఆ వెంటనే ముంబై ఇండియన్స్ తీసుకుంది. చూసేవాడు అక్కడ ఉండటమే కదా తేడా?

లెక్కల మనిషి (సియాటెల్):
పోలిక పూర్తిగా సరిపోదండీ. బౌలర్ యార్కర్ వేస్తే, ఎదుట ఎవరున్నా అది యార్కరే. గార్డ్ బలం తెలియాలంటే ఎదుట బలవంతుడు ఉండాలి, పక్కన నలుగురు తమ పని సరిగ్గా చేయాలి. అందుకే ఇక్కడ సీనియర్ బౌల్ లాంటి వేదికకు అంత విలువ. మైనెర్జ్ ఉదాహరణ నా అభిప్రాయాన్ని కొంత మార్చింది, ఒప్పుకుంటాను. కానీ అతణ్ణి నిరూపించింది మొబైల్, వైట్‌వాటర్ కాదు.

ఫ్రిస్కో నుంచి:
అదే నేననేది. మొబైల్‌లో, డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్ పరీక్షల్లో, కళాశాలలు స్కౌట్ల కోసం పెట్టే ప్రో డేల్లో 32 జట్లూ ఒకేచోట చూస్తాయి. అవి ఉండాలి. ఊరూరా తిరగడం మానవచ్చు. పైగా మైనెర్జ్ 2021 నాటివాడు, పోర్టల్ ఇంత పెరగక ముందు. తర్వాతి వాళ్లలో ఒకరిని చూపించండి.

పిట్స్‌బర్గ్ వాసి:
జాషువా విలియమ్స్. ఫయెట్‌విల్ స్టేట్, రెండో డివిజన్, నల్లజాతి కళాశాల. 2022లో కాన్సాస్ సిటీ నాలుగో రౌండులో తీసుకుంది. ఆ సీజన్లోనే సిన్సినాటితో ఏఎఫ్‌సీ తుది పోరులో (సూపర్ బౌల్‌కు ముందరి మెట్టు), నాలుగో పాదంలో, ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ జో బరో విసిరిన బంతిని పట్టుకున్నాడు. మొదటి రెండేళ్లలో రెండు సూపర్ బౌల్ ఉంగరాలు.

అతనూ సీనియర్ బౌల్‌లో ఆడాడు, మీరు ఆ మాటే అంటారని తెలుసు. కానీ ఫుట్‌బాల్ ఆడే కళాశాలలు అన్ని అంచెలూ కలిపి 600కు పైగా ఉన్నాయి. సీనియర్ బౌల్‌కు వెళ్లేది వంద మంది పైచిలుకు. రెండో డివిజన్ కుర్రవాడి పేరు ఆ జాబితాలోకి ఎక్కాలంటే, అంతకు ముందు సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఎవరో ఒకరు అతని ఆట చూసి, ఇతణ్ణి పిలవండి అని పట్టుబట్టాలి. మీరు రోడ్డు మీద నుంచి తీసేస్తానంటున్నది ఆ ఒక్కరినే.

ఫ్రిస్కో నుంచి:
ఆ ఒక్కరు అవసరమని ఒప్పుకుంటాను. 32 జట్లూ వేర్వేరుగా అదే ఊరికి మనిషిని పంపడం అవసరమని ఒప్పుకోను. బ్లెస్టో 1963 నుంచి ఉన్నది ఇందుకే కదా, జట్లు కలిసి ఒకే స్కౌట్ నివేదిక పంచుకోవడానికి.

పిట్స్‌బర్గ్ వాసి:
స్టాల్‌వర్త్ తడి నేల మీద పరుగెత్తిన రోజు కూడా స్కౌట్లు కలిసే వెళ్లారు, ఫ్రిస్కో గారూ.

ఉదయం అయిదున్నర (హైదరాబాద్):
మూడో డివిజన్ ఆట నేను ఒక్కటీ చూడలేదు. ఈ శనివారం ఆన్‌లైన్‌లో చూడాలనుంది. మీ అబ్బాయి ఆట ఎన్ని గంటలకు సార్?

మూడో డివిజన్ తండ్రి:
ఇక్కడ మధ్యాహ్నం ఒంటి గంట, మీకు రాత్రి పదిన్నర. కళాశాల వాళ్లే ఉచితంగా ప్రసారం చేస్తారు, లంకె విడిగా పంపుతాను. కెమెరా కాస్త ఊగుతుంది, ఓర్చుకోండి. ఎడమ వైపు 62వ నంబరు. ఒక్క పావు ఆటసేపు బంతిని వదిలేసి, వాడి పాదాలు మాత్రమే చూడండి.